డప్పు మీద బీటు ఎందుకు అతకదు? పశ్చిమ ఆఫ్రికా పాటల నుంచి ఒక జవాబు

ప్రశ్న: మా ఊరి డప్పు దరువును ఎలక్ట్రానిక్ బీటుతో కలిపి ఒక పాట చేశాను. విన్నవాళ్ళంతా "అతికించినట్టుంది" అంటున్నారు. నైజీరియా, మాలి, సెనెగల్ పాటల్లో మాత్రం వాళ్ళ పాత సంగీతమూ పాప్ సంగీతమూ పాలూ నీళ్ళలా కలిసిపోతాయి. వాళ్ళు చేస్తున్నదేమిటి, నేను చేయనిదేమిటి?

జవాబు:

మీరు జత చేసిన పాట మూడుసార్లు విన్నాను. డప్పు వాయించినవారి చెయ్యి చాలా బాగుంది, రికార్డింగూ శుభ్రంగా ఉంది. తేడా ఎక్కడుందో రెండోసారికే తెలిసింది. బీటు ముందే తయారై కూర్చుంది. ఆ తరవాత డప్పును పిలిచి పక్కన నిలబెట్టారు. డప్పు ట్రాక్ ఆపేసి ఒకసారి వినండి, పాట ఏమీ కోల్పోకుండా నడిచిపోతుంది. అతికించినట్టు అనిపించడానికి కారణం అదే.

నేను చిన్నప్పుడు విజయవాడలో తొమ్మిదేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. ఉద్యోగరీత్యా ఘనా రాజధాని అక్రాలో ఆరేళ్ళు, ఆ తరవాత నైజీరియాలోని లాగోస్‌లో ఎనిమిదేళ్ళు ఉన్నాను. ఆదివారాలన్నీ అక్కడి వాద్యగాళ్ళ దగ్గరే గడిచాయి. అక్కడ నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. ఆ దేశాల్లో గట్టి పాటలు చేసినవాళ్ళు పాత వాద్యం ఏ పని చేసేదో చూసి, ఆ పనిని గిటారుకో, కీబోర్డుకో, డ్రమ్ సెట్టుకో అప్పజెప్పారు. చాలా పాటల్లో ఆ పాత వాద్యం మీకు వినపడదు కూడా. అయినా పాట నడక దానిదే.

ముందు గంట సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను బోర్లా పడింది అక్కడే. అక్రాలో మొదటి ఏడు ఒక ఎవె వాద్యబృందం దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఎవెలు ఘనా తూర్పు భాగంలోనూ, పక్కనున్న టోగోలోనూ ఉండే జాతి. వాళ్ళ దగ్గర డోళ్ళన్నిటికీ దారి చూపేది గాంకొగుయ్ అనే ఇనుప జంట గంట. ఒక ఆవర్తానికి 12 మాత్రలు, వాటిలో 7 దెబ్బలు. మన మృదంగం జతుల్లో, అంటే నోటితో చెప్పే దరువు మాటల్లో చెప్పాలంటే "తక తక త తక తక తక త". కీబోర్డు మీద శంకరాభరణం స్వరాల మధ్య దూరాలు కూడా సరిగ్గా ఇవే, రెండు రెండు ఒకటి రెండు రెండు రెండు ఒకటి. కాకతాళీయమే కానీ గుర్తుపెట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది. నోటితో ఐదు నిమిషాల్లో పట్టేశాను. గంట చేతికిచ్చి కొట్టమన్నారు. కొట్టాను. డోళ్ళు అందుకున్నాయి. రెండు ఆవర్తాలు తిరిగేసరికి నా సమం, అంటే ఆవర్తం మొదలయ్యే చోటు, ఎక్కడికో జారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ జారింది.

బృందం పెద్దాయన గంట ఆపించి, ఆడుతున్న ఆవిడ పాదాలు చూపించాడు. "గంటను వినకు, కాళ్ళను చూడు" అన్నాడు. ఆవిడ పాదం ఆవర్తానికి నాలుగుసార్లు పడుతోంది, మూడు మాత్రలకొకసారి. తిశ్రగతిలో నాలుగు అక్షరాలన్నమాట. ఆ నాలుగు అడుగుల్లో రెండు గంట దెబ్బ మీద పడుతున్నాయి, రెండు గంట మోగని చోట పడుతున్నాయి. నేను ఆ ఖాళీ చోట్లను లెక్కలోకే తీసుకోలేదు. మన కచేరీలో తాళం చేతి మీద ఉంటుంది, వాద్యం దాని చుట్టూ తిరుగుతుంది. అక్కడ తాళాన్ని గంట సగం చెబితే మిగిలిన సగం కాళ్ళు చెబుతాయి. ఈ పొత్తు దొరికితే గానీ ఆ సంగీతంలో ఏ వాద్యం ఎక్కడ నిలబడాలో తెలియదు.

ఇదే కుటుంబానికి చెందిన 16 మాత్రల నడక ఒకటి ఉంది: తకిట తకిట తకధిమి తక తకధిమి, ప్రతి మాటకూ మొదటి అక్షరం మీద ఒక దెబ్బ. క్యూబాలో దీన్ని క్లావే అంటారు. బానిసలుగా ఓడల్లో తరలించబడిన ఆఫ్రికన్లతోపాటు ఈ లెక్క అట్లాంటిక్ దాటి వెళ్ళింది. 1930ల్లో హెచ్.ఎం.వి. గ్రామఫోన్ కంపెనీ జి.వి. అనే వరుసలో క్యూబా రికార్డులను పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో అమ్మినప్పుడు అదే లెక్క ఇంటికి తిరిగొచ్చింది. సెనెగల్ రాజధాని డకార్, మాలి రాజధాని బమాకో కుర్రాళ్ళకు స్పానిష్ ముక్క రాకపోయినా ఆ పాటలు పాడారు. మాట పరాయిది, నడక తమదే. 1970లో డకార్‌లో మొదలైన ఆర్కెస్ట్రా బావోబాబ్ ఇలాంటి బృందాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అందులో గిటారు వాయించిన బార్తెలెమీ అట్టిసో టోగో నుంచి లా చదవడానికి డకార్ వచ్చినవాడు, గిటారు తనంతట తానే నేర్చుకున్నాడు, తరవాత లాయరుగా పనిచేశాడు. ఆయన గిటారు తీగలో తొందర ఉండదు. పాట పాడేవాడు ఊపిరి తీసుకునే చోట అది మాట్లాడుతుంది.

ఇప్పుడు గినీ, మాలి వైపు వెళ్దాం. మీ ప్రశ్నకు సూటి జవాబు దొరికేది ఇక్కడే.

మాండె జాతుల్లో జెలి అనే వంశపారంపర్య గాయకులు ఉంటారు. ఫ్రెంచివాళ్ళు గ్రియో అన్నారు. రాజుల వంశావళులు, యుద్ధాల కథలు, పెళ్ళిళ్ళలో పొగడ్తలు, తగవుల్లో రాయబారం, ఇవన్నీ వాళ్ళ పని. మన భట్రాజులూ వంశరాజులూ ఇంటింటా గోత్రాలు చదివిన తీరు గుర్తుంటే జెలి ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళ చేతి వాద్యం కోరా. పెద్ద సొరకాయ బుర్రను సగానికి కోసి, ఆవుతోలు మూసి, పొడుగాటి కర్ర దూర్చి, 21 తీగలు కడతారు. ఒకప్పుడు సన్నటి తోలు తీగలు, ఇప్పుడు చేపల గాలానికి వాడే నైలాన్ తీగ. రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళు, అంతే. ఈ నాలుగు వేళ్ళు మూడు పనులు చేస్తాయి. బొటనవేళ్ళు మంద్రాన్ని పట్టుకుంటాయి. మధ్యలో కుంబెంగో అనే తిరుగుడు వరుస ఆగకుండా నడుస్తుంది. పైన అప్పుడప్పుడు బిరిమింటింగో అనే జలపాతం జారుతుంది. ఒక మనిషి, మూడు వాద్యాల పెట్టు.

ఈ మూడు పనులూ తెలిశాక 1970ల బమాకో బృందాల రికార్డు ఏదైనా వినండి. బేస్ గిటారు బొటనవేళ్ళ పని చేస్తుంది. రిథమ్ గిటారు కుంబెంగోను తిప్పుతుంది. లీడ్ గిటారు బిరిమింటింగో జారుస్తుంది. పాటలో కోరా లేదు, కోరా చేసే పనులన్నీ ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఆ గిటారిస్టుల్లో చాలామంది జెలి ఇళ్ళలో పుట్టి, నాన్న వాయించే న్గోని అనే చిన్న తీగవాద్యం, బాలాఫోన్ అనే చెక్కపలకల వాద్యం విని పెరిగినవాళ్ళు. గిటారు చేతికొచ్చినప్పుడు వాళ్ళ వేళ్ళకు అప్పటికే పని తెలుసు.

దీని వెనక ప్రభుత్వాల పట్టుదల కూడా ఉంది. గినీ 1958లో స్వతంత్రమైంది. అధ్యక్షుడు సెకూ తూరే యూరప్ పాటలు వాయించే డాన్సు బృందాలను రద్దుచేసి, జాతీయ, ప్రాంతీయ బృందాలు పెట్టి, వాద్యగాళ్ళకు జీతాలిచ్చాడు. మీ వాద్యాలు మీరు వాయించండి, కానీ రాగం మన పల్లెలది కావాలన్నాడు. ఆయన పాలనలో జరిగిన దారుణాలు వేరే కథ, వాటిని నేను తక్కువ చేయను. కానీ బెంబెయా జాజ్ లాంటి బృందం పుట్టింది ఆ జీతాల మీదే. మాలిలో బమాకో రైల్వే స్టేషన్ హోటల్లో 1970లో మొదలైన రైల్ బ్యాండ్‌కు పోషకులు రైల్వేవాళ్ళే. ప్రయాణికులు బండి కోసం ఎదురుచూసే చోట సాక్సఫోన్లు, ఎలక్ట్రిక్ గిటార్లతో 13వ శతాబ్దపు సుందియాటా చక్రవర్తి కథను పాడారు.

ఆ బ్యాండులో పాడిన సాలిఫ్ కెయిటా సుందియాటా వంశంవాడే. రాచవంశంవాడు పాడకూడదు, పాడటం జెలిల పని. పైగా ఆయన అల్బినిజంతో పుట్టాడు, చిన్నప్పటి నుంచీ వెలివేతలు చూశాడు. ఆయన గొంతులో ఉండే ఆ చీలికకు నేను అలవాటు పడలేదు, ఇప్పటికీ విన్న ప్రతిసారీ పనులాపి కూర్చుంటాను. 1987లో పారిస్‌లో చేసిన ఆయన ఆల్బమ్ "సోరో" నిండా సింథసైజర్లే. ఆ సింథ్‌లను గమనించండి, చాలా చోట్ల అవి బాలాఫోన్ చెక్కల మీద పడే దెబ్బల్లా పొట్టిగా మోగుతాయి.

రైల్ బ్యాండులోనే ఆయన స్థానంలోకి వచ్చిన మోరీ కాంటే గినీలో జెలి ఇంట పుట్టినవాడు, కోరా విద్వాంసుడు. 1987లో వచ్చిన ఆయన "యె కె యె కె" పది లక్షల కాపీలు దాటిన మొదటి ఆఫ్రికన్ సింగిల్‌గా పేరుపడింది. మీరు ఆయన పేరు వినకపోయినా ఆయన బాణీ విన్నారు. 1990లో హిందీలో మోగిపోయిన "తమ్మా తమ్మా" పాట ఆయన "తమా" పాటకు అనుకరణే. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. హిందీ పాట బాణీని తీసుకుంది. ఆ బాణీ కింద తిరిగే కోరా వరుస దానికి అక్కర్లేకపోయింది.

సెనెగల్ గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను, అది మీకు తక్షణం పనికొచ్చేది. అక్కడి సబార్ డోలును ఒక చేత్తో, మరో చేతిలో సన్నటి పుల్లతో వాయిస్తారు. సబార్ బృందంలో ఆగకుండా నడిచే ఆధార దరువును వొలోఫ్ భాషలో మ్బలాక్ అంటారు. గాయకుడు యూసూ న్దూర్, ఆయన తోటివాళ్ళు 1970ల చివర క్యూబా పాట నుంచి బయటికొచ్చి చేసిన పాప్ సంగీతానికి పేరు కూడా అదే అయింది. అంటే ఒక దరువు పేరే మొత్తం సంగీతానికి పేరు. 1980ల్లో వాళ్ళు కీబోర్డు మీద మరింబా ధ్వని పెట్టుకుని ఆ దరువులను స్వరాలతో వాయించడం మొదలుపెట్టారు. కీబోర్డును తోలు లేని డోలుగా చూశారు. మన స్టూడియోల్లో కీబోర్డు అంటే పాట కింద పరిచే దుప్పటి. అక్కడ అది కొట్టే వాద్యం.

న్దూర్ గురించి గౌరవంగా చెప్పాల్సినది ఇంకొకటుంది. 1994లో గాయని నెనే చెర్రీతో కలిసి పాడిన "సెవెన్ సెకండ్స్" ప్రపంచమంతా తిరిగింది. అలా తిరుగుతున్న రోజుల్లోనూ ఆయన డకార్ జనం కోసం వేరే క్యాసెట్లు చేస్తూనే ఉన్నాడు. ఊరివాళ్ళు ఆడగలిగే వేగంలో, సబార్ పూర్తి జోరుతో.

ఇక లాగోస్. యొరుబా భాషకు మూడు స్థాయిలున్నాయి: కింద, మధ్య, పైన. బళ్ళో పిల్లలకు డో రే మీ అని నేర్పుతారు, మనం స రి గ అనుకోవచ్చు. ఒకే అక్షరాలు స్థాయి మారితే వేరే మాటలవుతాయి. నాకు గంగన్ నేర్పినాయన మొదటి రోజు "ఒకో" అనే ఒక్క మాట తీసుకున్నాడు. గంగన్ అంటే నడుము సన్నగా ఉండే మాట్లాడే డోలు. మన బుడబుక్కలవారి ఢమరుకానికి అన్నలాంటిది. చంకలో పెట్టుకుని మోచేత్తో తాళ్ళను నొక్కితే శ్రుతి లేస్తుంది, వదిలితే దిగుతుంది, కొక్కెంలా వంగిన పుల్లతో కొడతారు. ఆయన రెండు దెబ్బలూ మధ్యలో కొట్టాడు: మొగుడు. మధ్య, పైన: పార. మధ్య, కింద: బండి. రెండూ కింద: ఈటె. నన్ను కొట్టమన్నాడు. మోచెయ్యి నొక్కడం అర క్షణం ఆలస్యమైంది, రెండో దెబ్బ కింది నుంచి పైకి జారింది. పక్కనున్న పిల్లలు పకపకా నవ్వారు. నేనేం మాటన్నానో ఆయన ఎంత అడిగినా చెప్పలేదు.

అప్పుడు అర్థమైంది, లాగోస్ పెళ్ళిళ్ళలో జూజూ బృందం, అంటే గిటార్లూ మాట్లాడే డోళ్ళూ కలిపి వాయించే యొరుబా పాప్ బృందం ముందు జనం అంత ఉద్వేగంగా ఎందుకు లేస్తారో. డోలు వాళ్ళను పేరు పెట్టి పిలుస్తోంది. తాతల బిరుదులు చెబుతోంది. పిలుపు విన్న మనిషి ఆడుకుంటూ వచ్చి వాద్యగాడి నుదుటికి నోట్లు అంటించి వెళ్తాడు. కింగ్ సన్నీ అడే జూజూలో గిటార్లు ఒకదాని మీద ఒకటి అల్లుకుంటాయి, మాట్లాడే డోళ్ళు వాటి మధ్య సామెతలు చెబుతాయి. ఆయన అమెరికా పల్లె సంగీతంలోని పెడల్ స్టీల్ గిటారు తెచ్చుకున్నాడు. ఎందుకని చాలామంది అడుగుతారు. 1982లో ఐలాండ్ కంపెనీ విడుదల చేసిన "జూజూ మ్యూజిక్" వినండి. ఆ గిటారు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది, గంగన్ జారినట్టే. ఎక్కడో అమెరికాలో పుట్టిన వాద్యంలో ఆయన తన డోలు గొంతు విన్నాడని నా నమ్మకం. ఆ కంపెనీ మూడు ఆల్బమ్‌ల తరవాత ఆయన్ను వదిలేసింది. లాగోస్ జనం వదల్లేదు.

ఫెలా కుటి గురించి తెలుగులోనూ అక్కడక్కడా రాశారు కాబట్టి పొడిగా చెబుతాను. ఈ నైజీరియా గాయకుడు 1969లో అమెరికా వెళ్ళొచ్చి, హైలైఫ్ అనే ఘనా డాన్సు సంగీతం, జాజ్, ఫంక్, యొరుబా దరువు కలిపి ఆఫ్రోబీట్ చేశాడు, సైనిక పాలకులను పాటల్లో నిలదీశాడు, 1977లో సైనికులు ఆయన ఇంటిని తగలబెట్టారు. మీరు మాత్రం ఫెలా కన్నా ఆయన డ్రమ్మర్ టోనీ అలెన్‌ను వినండి. రెండు చేతులు, రెండు కాళ్ళు నాలుగు వేర్వేరు డోళ్ళలా మాట్లాడతాయి. డ్రమ్ సెట్టు ఒక్కటే, కూర్చున్నది మాత్రం ఒక బృందం.

ఇప్పుడు మీరు ఫోనులో వింటున్న ఆఫ్రోబీట్స్, చివర "స్" ఉన్నది, దానికి వారసత్వం ఫెలా ఒక్కడి నుంచే రాలేదు. బర్నా బాయ్, విజ్‌కిడ్, రెమా, అసాకే అనే నైజీరియా గాయకుల పాటల్లో చాలా వాటి కింద నడిచేది తకిట తకిట తక. పైన వాళ్ళు పాడే తీరులో ఫుజీ అనే యొరుబా సంగీతం ఉంటుంది. ఫుజీ పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. రంజాన్ నెలలో తెల్లవారుజామున ముస్లింలను సహరీకి లేపడానికి యొరుబా కుర్రాళ్ళు వీధుల్లో వాయించుకుంటూ తిరిగే వెరె అనే పాటలుండేవి. హైదరాబాదు పాతబస్తీలో సహరీకి లేపేవాళ్ళను ఎరిగినవాళ్ళకు ఆ గొంతుల తొందర ఇట్టే తెలుస్తుంది. వెరెను సికిరు అయిండె బారిస్టర్ పెద్ద సంగీతంగా పెంచి, విమానాశ్రయంలో చూసిన ఫుజి పర్వతం పోస్టరు మీది పేరు పెట్టానని తానే చెప్పుకున్నాడు. అసాకే పాటల్లో వెనక గుంపుగా అందుకునే గొంతులు వినండి, ఆ వీధే వినిపిస్తుంది. కంప్యూటర్లో చేసిన పాటే, డోలు ఒక్కటీ లేకపోవచ్చు, అయినా దాన్ని వాళ్ళ పాట కాదని ఎవరూ అనలేరు.

ఇక్కడొక పొరపాటు సరిదిద్దాలి. హైదరాబాదులోని మర్ఫా డోళ్ళ సంగీతానికీ పశ్చిమ ఆఫ్రికా సంగీతానికీ చుట్టరికం ఉందని కొందరు రాస్తుంటారు. మర్ఫా వాయించే సిద్దీలు నిజాం దగ్గర ఆఫ్రికన్ అశ్వదళంలో పనిచేసినవారి సంతతి. వాళ్ళ మూలాలు తూర్పు ఆఫ్రికా, అరబ్ తీరం వైపు. లాగోస్ వేరు, ఆ దారి వేరు. రెండూ గొప్పవే, కలిపేయడం రెండిటికీ న్యాయం కాదు.

మీ పాట దగ్గరికి వస్తాను. డప్పుకు రెండు పుల్లలు. కుడి చేతి చిర్ర బరువైన దెబ్బ వేస్తుంది, ఎడమ చేతి సిటికెన పుల్ల సన్నటి చప్పుడు ఆగకుండా నడిపిస్తుంది. ఒక్క డప్పులో రెండు పనులున్నాయి. మీ పాటలో బేస్ డ్రమ్ నాలుగు అక్షరాల మీదా సమానంగా గుద్దుతోంది. చిర్ర పడే చోట్లు వేరు, కాబట్టి రెండూ కొట్టుకుంటున్నాయి. ఆ బేస్ డ్రమ్ తీసేయండి. చిర్ర పడే చోట్లు రాసుకుని, బేస్ గిటారును అక్కడే మోగించండి. సిటికెన పుల్ల చేసే పనిని డ్రమ్ సెట్టులోని హై-హ్యాట్ తాళాలకు గానీ, పొట్టిగా మోగే సింథ్‌కు గానీ ఇవ్వండి. ఇంకోటి, మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ వేగం చెప్పే యంత్రం) పెట్టి డప్పు వాయించమన్నారని రాశారు. ఈసారి వద్దు. ఎవరినైనా ఎదురుగా నిలబెట్టి ఆడించండి, ఆ కాళ్ళను బట్టి వాయించమనండి. ఆ రికార్డింగు వేగాన్ని బట్టి కంప్యూటర్ గ్రిడ్‌ను, అంటే తెర మీద లయ గీతల్ని, సర్దుకోండి. మనిషిని గ్రిడ్‌లోకి ఇరికించకండి.

హక్కుల సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఘనాలో "యా అంపోన్సా" అనే పాట ఉంది. కుమాసి ట్రియో అనే ముగ్గురు 1928లో లండన్ వెళ్ళి రికార్డు చేశారు. హైలైఫ్ గిటారు నేర్చుకునే ప్రతివాడూ దానితోనే మొదలుపెడతాడు. 1990లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ ఆ బాణీని తన పాటలో వాడుకున్నాడు. అప్పుడు రాయల్టీ ఎవరికి చెందాలి, అది ఒకరి పాటా జానపదమా అనే ప్రశ్న లేచింది. ఆ వ్యవహారం సాగి సాగి, జానపద సంపదను చూసుకోవడానికి ఘనాలో జాతీయ బోర్డు ఏర్పడింది. మీ పాట వివరాల్లో మీ పేరుంది, గాయని పేరుంది, మిక్సింగ్ చేసినవారి పేరుంది. డప్పు వాయించినవారి పేరు లేదు. ఆ దరువు ఆయన ఇంట్లో ఎన్ని తరాల నుంచి ఉందో అడిగి తెలుసుకోండి, పేరు వేయండి, డబ్బు వస్తే వాటా ఇవ్వండి.

ఇవన్నీ చేశాక మొత్తం పాట పంపొద్దు. డప్పు, బేస్ గిటారు రెండే రెండు ట్రాకులు, ఒక నిమిషం చాలు. అక్కడ కాళ్ళు కదిలితే మిగిలిన వాద్యాలు ఎక్కడ నిలబడాలో కలిసి చూద్దాం.